మే నెల జాబితా

మా నాన్న పేరు ఒక షావుకారు పుస్తకంలో పంతొమ్మిదేళ్లు ఉంది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం అది. పేజీకి ఎడమ పక్క నాన్న తీసుకున్న అడ్వాన్సు, కుడి పక్క నేసి ఇచ్చిన చీరలు. బరంపురంలో మా వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ ఏదో ఒక షావుకారు దగ్గర అలాంటి పేజీ ఉండేది. పట్టు ఆయనది, జరీ ఆయనది, మగ్గం మాత్రం మాది. ఎడమ పక్క లెక్క తీరేదాకా మరో షావుకారు గడప తొక్కకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. కానీ ఒక షావుకారు ‘మనిషి’కి ఇంకో షావుకారు పట్టు ఇచ్చేవాడు కాదు, అంతే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, ఆరు నెలలుగా నేను తొంభై ఏళ్ల కిందటి ఇంగ్లండు ఫుట్‌బాల్ గురించి చదువుతున్నాను. మా ఆవిడ ఈ వ్యవహారానికి ఒక పేరు పెట్టింది. అది ఇక్కడ రాయను.

మా చెల్లెలి మనవరాలు బ్రాడ్‌ఫర్డ్‌లో చదువుకుంటోంది. నేను ముప్పై ఒక్కేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఎక్కడ మైదానం కనబడినా ఫొటో తీసి పంపుతుంది. ఒకరోజు ఒక ఫొటో వచ్చింది. సిమెంటు మెట్లు, వాటిని చీల్చుకుని లేచిన చెట్లు, మెట్ల నిండా రాలిన ఆకులు. “తాతయ్యా, ఇది ఏమిటో చెప్పుకోండి” అని కింద రాసింది. పాడుబడిన కోనేరు అన్నాను. కాదట. పార్క్ అవెన్యూ అనే ఫుట్‌బాల్ మైదానమట. అక్కడ ఆడిన బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ క్లబ్బుకు 1970లో లీగ్‌లో, అంటే ఇంగ్లండు వృత్తి క్లబ్బుల పోటీలో, చోటు పోయింది, 1974లో క్లబ్బే మూతబడింది. జనం నిలబడి కేకలు వేసిన మెట్లు మాత్రం చెట్ల కింద అలాగే ఉండిపోయాయి.

ఆ మెట్ల ముందు ఎవరెవరు ఆడారో చూద్దామని మొదలుపెడితే ఎడ్డీ ప్యారిస్ తగిలాడు. ఊరు కాదు, మనిషి. 1911లో వేల్స్‌లోని చెప్‌స్టో దగ్గర పుట్టిన నల్లజాతి కుర్రవాడు. ఔట్‌సైడ్ లెఫ్ట్, అంటే ఎడమ అంచున పరిగెత్తేవాడు. గొప్ప ఆటగాడు అనను. ఆ కాలం మాట ఎత్తితే ఎవరైనా 1927-28లో డిక్సీ డీన్ కొట్టిన 60 గోల్స్ గురించే చెబుతారు. ప్యారిస్ ఆ వరుసలోవాడు కాదు. శనివారం వస్తే బూట్లు కట్టుకుని పనికి వెళ్లినట్టు మైదానానికి వెళ్లి, సోమవారం మళ్లీ సాధనకు వెళ్లే వందల మంది వృత్తి ఆటగాళ్లలో ఒకడు. నాకు అలాంటివాళ్లే కావాలి. కచేరీలో ముందు కూర్చున్నవాడి సంగతి అందరూ రాస్తారు, వెనక తంబూరా పట్టుకున్నవాడు రాత్రికి ఏం తిన్నాడో నాకు తెలియాలి.

ఆయన ఆడిన ఊళ్లు చూడండి. 1928 నుంచి 1934 దాకా బ్రాడ్‌ఫర్డ్, ఉన్ని నేసే ఊరు. తర్వాత బోర్న్‌మత్, సముద్రపు ఒడ్డు, మన గోపాల్‌పూర్‌లాగా గాలి మార్పు కోసం వెళ్లే చోటు. 1937లో లూటన్, టోపీలు కుట్టే ఊరు, అందుకే ఆ జట్టును జనం ‘టోపీలవాళ్లు’ అనే పిలుస్తారు. అదే ఏడు నార్తాంప్టన్, బూట్లు కుట్టే ఊరు, ఆ జట్టు ముద్దుపేరు ‘చెప్పులు కుట్టేవాళ్లు’. నేతపనివాళ్ల వీధిలో పుట్టినవాణ్ణి, చేతిపనుల పేర్లు జట్లకు పెట్టుకున్న దేశం మీద నాకు కొంచెం అభిమానం కలిగింది. బ్రాడ్‌ఫర్డ్‌కు ఆయన లీగ్‌లో 130కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. బోర్న్‌మత్‌కు వందకు పైగా. లూటన్‌లో ఏడంటే ఏడు. నార్తాంప్టన్‌లో పాతిక. అంకెలు ఇలా చిన్నవవుతూ పోవడం నేను చదువుకోగలను, చివరి ఏళ్లలో నాన్న పేజీలో కుడి పక్క కూడా ఇలాగే ఉండేది.

ఆ లూటన్ జట్టులోనే జో పేన్ ఉన్నాడు. మామూలుగా హాఫ్ బ్యాక్‌గా, అంటే మైదానం మధ్యలో, ఆడే మనిషిని 1936 ఏప్రిల్ 13న వేరే దిక్కు లేక సెంటర్ ఫార్వర్డ్‌గా, గోల్స్ కొట్టేవాడి చోట, నిలబెడితే, బ్రిస్టల్ రోవర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 10 గోల్స్ కొట్టాడు. ఆయనకు దక్కిన ఆ ఒక్క మధ్యాహ్నం లాంటిది నాకు తెలిసి ప్యారిస్‌కు దక్కలేదు. దక్కనివాళ్లే ఎక్కువ.

ఇక బంతి గురించి. ఇది నేను చదివి చెబుతున్నది కాదు. డెబ్బైల్లో మా బడిలో కూడా లేసు బంతే ఉండేది, ఇంగ్లండులో వాళ్లు ఆడినట్టిదే. తోలు ముక్కలు కలిపి కుట్టిన గుల్ల, లోపల రబ్బరు బ్లాడర్. బ్లాడర్‌ను లోపలికి దూర్చి సైకిలు పంపుతో గాలి కొట్టాలి. పిల్లవాడొకడు గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకుంటే, దాన్ని రెండుగా మడిచి పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీతో బిగించాలి. ఆ ముడిని తోలు నాలుక కిందికి తోసి, లావుపాటి సూదితో లేసు అల్లి లాగాలి. ఎంత బాగా లాగినా ముడి దగ్గర ఒక ఉబ్బు మిగిలేది. గాల్లోంచి వచ్చే బంతికి తల పెట్టేవాడికి ఆ ఉబ్బు ఏ పక్కన ఉందో తెలియదు. నా కుడి కనుబొమ మీద రెండు కుట్ల మచ్చ ఉంది, అది లేసు గుర్తే. వానలో తోలు నీళ్లు తాగి ఇటుకలా అయ్యేది. ఆట మొదట్లో బంతి బరువు 14 నుంచి 16 ఔన్సుల మధ్య ఉండాలని 1937లో నియమం పెట్టారు. నానిన తర్వాత ఎంత ఉండాలో ఎవరూ నియమం పెట్టలేదు. ఇంగ్లండు శీతాకాలం, బురద, వారం వారం ఆ బంతి. పైగా ఆ రోజుల్లో దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ణి దింపడం లేదు. కాలు పట్టేసినవాణ్ణి అడ్డు తగలకుండా అంచుకు, వింగ్‌లోకి పంపేవాళ్లు. వింగ్ ఆడేవాడిగా ప్యారిస్ తన చోటును ఎన్నిసార్లు ఒక కుంటివాడికి అప్పగించి లోపలికి జరిగాడో అనుకుంటాను.

నా పాత విద్యార్థి ఒకడు రైల్వేలో ఉన్నాడు. సాయంత్రం టీ దగ్గర ఇదంతా చెబితే, “ఆడుకున్నందుకు డబ్బులిచ్చారు కదా సార్, ఇంకా ఏడుపు దేనికి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. 1922 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా లీగ్ ఆటగాడికి వారానికి 8 పౌండ్లకు మించి ఇవ్వకూడదని కట్టుబాటు. అది ఆట నడిచే 37 వారాలకు. వేసవి 15 వారాల్లో వారానికి 6 పౌండ్లు. గెలిస్తే 2 పౌండ్లు, సమంగా ముగిస్తే 1 పౌండు అదనం. మిల్లులో పనిచేసే మగవాడికి వారానికి మూడు పౌండ్లు అటూ ఇటూగా వచ్చే కాలంలో ఇది మంచి జీతమే. అయితే అది గరిష్ఠం, అందరికీ దక్కేది కాదు. లీగ్‌లో అడుగు మెట్టు అయిన మూడో డివిజన్‌లో చాలామందికి అంతకంటే బాగా తక్కువ. ఐదేళ్లు ఒకే క్లబ్బులో ఉంటే 650 పౌండ్ల వరకు బెనిఫిట్, అంటే జీతం కాక అదనపు మొత్తం, ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ అని ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వ ఉత్తర్వులు చదివినవాడికి ఆ రెండు మాటల మధ్య దూరం బాగా తెలుసు.

కానీ నా బాధ జీతం గురించి కాదని వాడికి అర్థం కావడానికి రెండో టీ పట్టింది.

ఒప్పందం ఒక్క ఏడాదికే. ఆటలు ముగిసి మే నెల వచ్చేసరికి క్లబ్బు జాబితా తయారుచేసేది. అందులో మూడు రకాలు. ఉంచుకునేవాళ్లు, ధర కట్టి అమ్మకానికి పెట్టినవాళ్లు, ఊరికే వదిలేసినవాళ్లు. మొదటి రకంలో పేరుంటే, ఒప్పందం గడువు తీరిపోయినా ఆటగాడి రిజిస్ట్రేషన్, అంటే లీగ్‌లో ఆయనను ఆడించుకునే హక్కు, క్లబ్బుదే. వాళ్లు ఇస్తానన్న జీతానికి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జీతం లేదు, లీగ్‌లో మరో క్లబ్బుకు ఆడే వీలూ లేదు. రెండో రకంలో ఉంటే, ఆ ధర ఇచ్చే క్లబ్బు దొరికేదాకా అదే గతి. హెర్బర్ట్ కింగాబీ అనే ఆటగాడు ఇదేం న్యాయమని ఆస్టన్ విల్లా క్లబ్బు మీద 1912లో కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. ఆ ఓటమి తర్వాత మరో యాభై ఏళ్లు ఈ పద్ధతి కదలలేదు. జీతం మీద కట్టుబాటు 1961 జనవరిలో పోయింది. ఈ ‘ఉంచుకునే’ పద్ధతి అన్యాయమని కోర్టు అనడానికి 1963 రావలసి వచ్చింది.

1928 అక్టోబరులో డేవిడ్ జాక్‌ను బోల్టన్ నుంచి ఆర్సెనల్ కొన్నది. ధర 10,890 పౌండ్లు, అప్పటికి లోకంలో ఎవరికీ అంత ఇవ్వలేదు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. పూర్తి గరిష్ఠ జీతం వచ్చినా ఆట నడిచే వారాలకు 296, వేసవికి 90, ఏడాదికి మొత్తం 386 పౌండ్లు. అంటే ఆయన ధర ఆయన జీతం లెక్కన 28 ఏళ్ల పైమాటే. ఆ ధర క్లబ్బు నుంచి క్లబ్బుకు పోయింది. జాక్‌కు మర్నాడు కూడా వారానికి ఎనిమిదే.

మా నాన్నకు, ప్యారిస్‌కు తేడా ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. నాన్న అప్పు తీర్చేస్తే బయటపడేవాడు. తీర్చలేకపోయాడు, అది వేరే సంగతి. ఆషాఢంలో పని తగ్గితే కొంత, మా అక్క పెళ్లికి కొంత, బుడి ఠాకురాణి జాతర వస్తే బంధువుల భోజనాలకు కొంత, ఎడమ పక్క పెరుగుతూనే పోయింది. అయినా ఒక అంకె ఉంది, దాన్ని సున్నా చేస్తే తలుపు తెరుచుకుంటుంది. ప్యారిస్‌కు అలాంటి అంకె లేదు. ఆయన ఎవరికీ బాకీ లేడు. బాకీ లేనివాడు ఏం కట్టి బయటపడాలి? నా విద్యార్థి ఇక్కడికి వచ్చాక ఇంకేమీ అనలేదు. టీ డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడు.

నాకు ఆ స్వేచ్ఛ విలువ తెలియడానికి ఇంకో కారణం ఉంది. ఉద్యోగం రాకముందు రెండేళ్లు చుట్టుపక్కల టోర్నమెంట్లలో అద్దెకు ఆడాను. మ్యాచ్‌కు పదిహేను రూపాయలు, భోజనం, బస్సు చార్జీ. ఒక వారం ఆస్కా జట్టు బనీను, మరుసటి వారం ఇచ్ఛాపురం జట్టు బనీను. ఒకసారి ఫైనల్లో, కిందటి వారం ఎవరి తరఫున ఆడానో ఆ జట్టే ఎదురైంది. అలవాటు కొద్దీ వాళ్ల వింగర్‌కు చక్కని పాస్ ఇచ్చాను, వాడు గోల్ కొట్టాడు. పదిహేను రూపాయలు ఇవ్వలేదు, భోజనం మాత్రం పెట్టారు. కానీ ఎవరి పుస్తకంలోనూ నా పేరు లేదు.

క్లబ్బు పట్టు దేశం జట్టు దాకా ఉండేది. వేల్స్ తన ఆటగాళ్లను పిలిస్తే ఇంగ్లండు క్లబ్బులు శనివారం మ్యాచ్ ఉందని పంపేవి కావు. 1930 అక్టోబరులో స్కాట్లండ్ మీదికి ఫ్రెడ్ కీనర్ నాయకత్వంలో దాదాపు ఊరూ పేరూ లేని కుర్రాళ్లతో వెళ్లి 1-1తో బయటపడ్డారు. ఆ మరుసటి ఏడు, 1931 డిసెంబరు 5న, బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ మీద ఆడిన వేల్స్ జట్టులో ప్యారిస్ ఉన్నాడు. వేల్స్ 4-0తో ఓడిపోయింది. ఆయనను మళ్లీ పిలవలేదు. వేల్స్ బనీను వేసుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే అని ఇప్పుడు రాస్తున్నారు. ఇంగ్లండులో అయితే ఆ ఒక్క మ్యాచ్ కూడా దొరకలేదు. ప్లిమత్‌కు నాలుగు వందల మ్యాచ్‌లు ఆడి 137 గోల్స్ కొట్టిన నల్లజాతి ఆటగాడు జాక్ లెస్లీని 1925లో ఇంగ్లండుకు ఎంపికచేసి, తర్వాత చప్పుడు చేయకుండా తప్పించారు. ఆ కబురు ఆయనకు చెప్పిన మేనేజరు బాబ్ జాక్, పైన చెప్పిన డేవిడ్ జాక్‌కు తండ్రి. లెస్లీ ముసలితనంలో వెస్ట్ హామ్ క్లబ్బులో కుర్ర ఆటగాళ్ల బూట్లు తుడిచే పని చేశాడు. 2022లో ప్లిమత్‌లో విగ్రహం పెట్టారు. మనవాడు కలకత్తా మహమ్మద్ సలీం 1936లో గ్లాస్గో వెళ్లి, కాళ్లకు గుడ్డలు చుట్టుకుని సెల్టిక్‌కు రెండు మ్యాచ్‌లు ఆడి, ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చేశాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 1న మా గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. నాన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు. “రాత్రి మద్రాసులో పడుకుని పొద్దున ఒడిశాలో లేచాను, మగ్గం మాత్రం ఉన్నచోటే ఉంది” అనేవాడు.

జాబితాలో పేరు లేకపోతే ఏమిటి? అప్పుడు స్వేచ్ఛే కదా అంటారు. ఆ స్వేచ్ఛ ఎలా ఉండేదో క్లబ్బులు కూలిన తీరు చూస్తే తెలుస్తుంది. బొగ్గు ఊళ్లలో పని పోయి, టికెట్టు కొనే చేతుల్లో డబ్బు లేదు. అబర్‌డేర్‌కు 1927లో, మెర్థిర్‌కు 1930లో లీగ్‌లో చోటు పోయింది. విగాన్ బరో 1931 అక్టోబరులో పన్నెండు మ్యాచ్‌లు ఆడి చేతులెత్తేస్తే, ఆ పన్నెండు ఫలితాలనూ పట్టికలోంచి కొట్టేశారు. వాటిలో గోల్ కొట్టినవాడు కొట్టనట్టే లెక్క. మెర్థిర్ బదులు వచ్చిన లండన్ క్లబ్బు థేమ్స్, లక్ష మందికి పైగా పడతారని చెప్పుకున్న స్టేడియంలో ఆడేది. 1930 డిసెంబరు 6న లూటన్‌తో మ్యాచ్‌కు 469 మంది వచ్చారు. మా వీధి భజనకు అంతకంటే ఎక్కువమంది వస్తారు. ఆ క్లబ్బు కూడా 1932 దాటలేదు. అలాంటి మే నెలలో వదిలేసినవాళ్ల జాబితాలో పేరు చూసుకున్నవాడు, ఆ స్వేచ్ఛను ఎక్కడికి తీసుకుపోతాడు?

1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించారు. అప్పటికి ఆ ఏటి లీగ్‌లో మూడేసి మ్యాచ్‌లు అయ్యాయి. లీగ్ ఆపేశారు, ఆటగాళ్ల ఒప్పందాలు ఆగిపోయాయి, జీతాలు ఆగిపోయాయి. తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లు అతిథులుగా ఆడితే మ్యాచ్‌కు 30 షిల్లింగులు, అంటే పౌండున్నర, ఇచ్చారు. రిజిస్ట్రేషన్లు మాత్రం క్లబ్బుల దగ్గరే ఉంచుకున్నారు. ప్యారిస్‌కు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, లీగ్ జీవితం అక్కడితో సరి. లీగ్‌లో లేని చెల్టెన్‌హామ్ టౌన్‌కు ఆడాడు. 1971లో పోయాడు.

మా నాన్న పేజీ 1967లో మూసేశారు. షావుకారు పట్టు వ్యాపారం చాలించుకుని సినిమా హాలులో వాటా తీసుకున్నాడు. మిగిలిన బాకీ 212 రూపాయలు. నేను నాన్న వెంట వెళ్లాను, నాకు పద్నాలుగేళ్లు. గుమాస్తా పేజీ మీద మూలనుంచి మూలకు ఎర్ర సిరాతో ఒక గీత గీశాడు. షావుకారు తమలపాకు నములుతూ, “ఇక నీ ఇష్టం, ఎవరికైనా నేసుకో” అన్నాడు. నాన్న దండం పెట్టాడు. దారిలో పెద్దబజారులో నాకు పకోడీ కొనిపెట్టాడు, తాను తినలేదు.

అప్పటికి మా వీధిలో కొత్తవాళ్లకు పట్టు ఇచ్చేవారు ఎవరూ లేరు. ఇంటికి వచ్చి నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కిందటి వారమే ఆఖరి చీర కోసి ఇచ్చేశాం, పడుగు లేదు. కాసేపు ఊరికే కూర్చుని, పక్కన ఉన్న నాడె తీసి కుడి చేత్తో ఎడమకు విసిరాడు. కింద దారాలు లేవు కదా, నాడె నిలవలేదు, ఠప్పున గుంటలో పడింది. వంగి, చేత్తో తడిమి, దాన్ని వెతుక్కున్నాడు.